మంటల పిన్ని, రాగి కడ్డీ

యూనివర్సిటీలో లోహాల విభాగానికి వెళ్ళి ఆమెను అసలు పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. "మంటల పిన్ని ఎక్కడ?" అంటే మాత్రం వరండా ఊడ్చే మనిషి దగ్గర్నుంచి విభాగం పెద్ద దాకా అందరూ చెయ్యి చాపి వర్క్‌షాపు తలుపు చూపిస్తారు. ఆ పేరు ఎప్పుడూ చేతిలో ఉండే గ్యాస్ టార్చ్ వల్ల వచ్చిందా, నోటి వల్ల వచ్చిందా అన్న దాని మీద అక్కడ రెండు పక్షాలున్నాయి. ఆమె ఏ పక్షాన్నీ కాదనలేదు.

ఆమె చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పని ఆగలేదు. భర్తకు ఫ్రిజ్‌లు బాగుచేసే కొట్టు ఉండేది. పెళ్ళైన కొత్తలో పానాలు అందించడానికి పక్కన కూర్చుంది. అందిస్తూ అందిస్తూ చూసింది, చూస్తూ చూస్తూ పట్టుకుంది. మొదటిసారి రాగి గొట్టం మూతిని గరాటులా వెడల్పు చెయ్యబోతే అది అరటి తొక్కలా చీలింది. రెండోదీ చీలింది. భర్త మూడో గొట్టం కొనను మంటలో ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి చేతికిచ్చాడు. అది వెన్నలా విప్పారింది.

"ఎందుకలా?" అని అడిగింది.

ఆయన తల గోక్కున్నాడు. "మా గురువు చెప్పలేదు. కాల్చమన్నాడు, కాలుస్తున్నాను."

ఎందుకో తెలియకుండానే ఆమె కూడా ఏళ్ళ తరబడి కాల్చింది. భర్త నడుము పట్టేసి బరువులెత్తలేకపోయాక, యూనివర్సిటీలో చల్లగది చెడిపోయిందని కబురొస్తే తానే సంచీ భుజాన వేసుకుని వెళ్ళింది. గది బాగుపడింది. ఆమె అతుకు వేసిన తీరు చూసి, వర్క్‌షాపులో పని చేస్తావా అని అడిగారు. అలా చేరింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వచ్చిన లెక్చరర్ మేడం ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆ 'ఎందుకు' కాస్తా విప్పి చెప్పింది. రాగిలో పరమాణువులు వరసలుగా ఉంటాయట. వంచినప్పుడు ఆ వరసలు జరుగుతాయి. జరిగి జరిగి, ఇరుకు గుమ్మంలోంచి అందరూ ఒకేసారి బయటికి రాబోయినట్టు ఒకదానికొకటి అడ్డం పడతాయి. అదే గట్టిపడటం. కాలిస్తే ఆ తొక్కిసలాట సద్దుమణిగి ఎవరి చోట వాళ్ళు సర్దుకుంటారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండానే భర్తకు ఆ సంగతి చెప్పింది. ఆయన సాంతం విని, "అయితే మా గురువు సరిగ్గానే కాల్చమన్నాడన్నమాట" అన్నాడు తృప్తిగా.

ఆ టీ కబుర్లలోంచే 'చేసి చూసే రోజు' పుట్టింది. బడిపిల్లల్ని శనివారాలు వర్క్‌షాపుకి పిలుస్తారు. ఉపన్యాసం తక్కువ, చేతిపని ఎక్కువ. ఒక బల్ల మీద వేడినీళ్ళలో వేస్తే తన పాత ఆకారానికి తిరిగొచ్చే తీగ. ఇంకో బల్ల మీద ఇసుకలో అచ్చు తీసి తగరం పోయడం. మంటల పిన్ని బల్ల మీద రాగి కడ్డీలు, ఒక్కోటి జానెడు పొడవు, పెన్సిలంత లావు. ముందురోజే వాటిని కొలిమిలో కాల్చి మెత్తబెట్టి ఉంచుతుంది. ఎంత సన్నటి పిల్లయినా అలాంటి కడ్డీని సునాయాసంగా వంచేస్తుంది. వంచాక దాన్ని తిరిగి తిన్నగా చెయ్యడం వస్తాదు వల్ల కూడా కాదు. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడటం కోసమే ఆమె ఆ వారమంతా ఎదురుచూస్తుంది.

ఈ శనివారం ఎదురుచూపు వేరు. రెండో జట్టులో ఆమె మేనకోడలు ఉంది.

తమ్ముడికి లారీల మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని పిల్ల మేనత్త ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. పొడుగ్గా, సన్నగా, మాట పెదవి దాటనివ్వని పిల్ల. బడి ప్రయోగశాలలో వరసగా ఒక గాజుగొట్టం, ఒక థర్మామీటరు ఆమె చేతిలో పగిలాయి. "నీ చేతికి ఇనుమిచ్చినా విరుగుతుంది" అన్నాడు అక్కడి మాస్టారు. సరదాకే అన్నాడు. కానీ తరగతి అంతా ఆమెకు 'ఫట్' అని పేరు పెట్టేసింది. అప్పట్నుంచీ ప్రయోగమంటే చేతులు వెనక్కి కట్టుకుని గోడవారన నిలబడుతోంది.

పై తరగతిలో ఏ విభాగం తీసుకుంటారో సోమవారం చెప్పాలి. సైన్సు వద్దని పిల్ల తేల్చేసింది.

"లెక్కలు బాగా వస్తాయి కదే నీకు" అన్నాడు మామయ్య.

"లెక్కలు చేత్తో పట్టుకోనక్కర్లేదు మామయ్యా."

మంటల పిన్నికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా పిల్ల వినలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. బడి తరఫున ఈ శనివారం వస్తున్నారని తెలిశాక, పోనీ ఇక్కడైనా పిల్ల చెయ్యి ముందుకు వస్తుందని ఆశపడింది. ఇదొక్కటే అవకాశం. సోమవారం దాటితే ఆ తలుపు మూసుకుంటుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు పిల్ల ఒక్కటే షరతు పెట్టింది. "అత్తా, అక్కడ నేనెవరో నువ్వెవరో. సరేనా?"

"సరేలే మహారాణీ. నేను నిన్ను చూస్తే గుర్తుపట్టను. ఏ ఊరమ్మా మీది అంటాను."

మొదటి జట్టు హడావిడిగా వచ్చి వెళ్ళింది. అందులో ఒక కుర్రాడు, "చేత్తో తిన్నగా కాకపోతే సుత్తితో అవుతుందా?" అని అడిగాడు. ఎందుకు కాదని మంటల పిన్ని ఒక వంగిన కడ్డీని ఇనుప దాగలి మీద పెట్టి, కొయ్య సుత్తితో నెమ్మదిగా కొడుతూ గీత గీసినట్టు తిన్నగా చేసింది. అంతటితో ఆగితే ఆమె మంటల పిన్ని ఎలా అవుతుంది? గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో టీ వచ్చింది. కడ్డీని ట్రే అంచున పెట్టి గ్లాసు అందుకుంది.

రెండో జట్టును డ్రిల్లు మాస్టారు వెంటబెట్టుకొచ్చాడు. భారీ మనిషి. మెడలో ఈల. పిల్లలు కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని వరసలో నిలబడ్డారు. అందరికంటే చివర, గోడకు ఆనుకుని, మేనకోడలు.

మంటల పిన్ని ఒక్కో కడ్డీ తీసి అందిస్తోంది. కడ్డీలు వంగుతున్నాయి, నవ్వులు, అరుపులు. మేనకోడలి వంతు రాగానే ఆమె చెయ్యి ట్రే మీద ఒక్క క్షణం ఆగింది. కాలిన మచ్చలతో, కాస్త జారిన నడుముతో ఉన్న కడ్డీలన్నీ వదిలేసి, అంచున మెరుస్తున్న తిన్నటి కడ్డీని ఏరి పిల్ల చేతిలో పెట్టింది. అన్నం వడ్డించేటప్పుడు మంచి ముక్క తనవాళ్ళ కంచంలో పడ్డట్టే అది జరిగిపోయింది.

పిల్ల వంచబోయింది. కడ్డీ కదల్లేదు. మోకాలికి ఆనించి బిగించింది. మొహం కందింది. కడ్డీ నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

"ఒరేయ్, ఫట్ వల్ల ఈసారి విరగడం కూడా కాలేదురా!" అన్నాడు వెనక నుంచి ఒకడు. వర్క్‌షాపు గొల్లుమంది.

పిల్ల కడ్డీని బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకుంది. 

"పోనీలెండమ్మా" అన్నాడు డ్రిల్లు మాస్టారు జాలిగా. "ఆ పిల్లది మొదట్నుంచీ ఇంతే. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

మంటల పిన్ని కడ్డీ తీసుకుంది. చేతిలోకి రాగానే తెలిసిపోయింది. అయినా దాగలి అంచుకు తట్టింది. ఖంగుమంది. ట్రేలోంచి ఇంకో కడ్డీ తీసి తట్టింది. టప్‌మంది, తడిగుడ్డతో కొట్టినట్టు. ఆ మెత్తటి కడ్డీ పిల్లకిచ్చేస్తే క్షణంలో వంచేస్తుంది, గొడవ వదిలిపోతుంది. కానీ పిల్లకు మాత్రం, నాకు తేలికది ఏరి ఇచ్చారు అన్న మాటే మిగులుతుంది. ఆమె రెండో కడ్డీని తిరిగి ట్రేలో పడేసింది.

"అందరూ వినండి. తప్పు ఈ పిల్లది కాదు, నాది. ఇది పొద్దున వంగిన కడ్డీ. నేనే సుత్తితో కొట్టి తిన్నగా చేశాను. వంచితే ఒకసారి గట్టిపడింది, కొడితే ఇంకా గట్టిపడింది. మళ్ళీ కాల్చకుండా ట్రేలో పెట్టాను. చూడ్డానికి బాగుంది కదా అని ఏరి మరీ ఇచ్చాను."

"ఏరి మరీ ఇచ్చావా? గుర్తుపట్టనన్నావు కదత్తా!"

మాట నోరు జారిపోయింది. వరస వరసంతా తల తిప్పింది.

"అత్తా?" అన్నాడు వెనకవాడు.

"అవును, మేనత్తని" అంది మంటల పిన్ని. "మేనకోడలికి మంచిది ఇద్దామని ఇలా ఏడ్చాను. నవ్వుకోవాలంటే నన్ను చూసి నవ్వుకోండి. తర్వాత పనుంది."

నిజంగానే నవ్వారు. ఈసారి ఆ నవ్వులో పిల్ల కూడా ఒక మూల కలిసింది.

లెక్చరర్ మేడం పక్క బల్ల దగ్గర్నుంచి వచ్చింది. జరిగింది చూసి, కిటికీ తెరలు దించింది. ఎర్రదనం తెలియాలంటే వెలుతురు తగ్గాలి. మంటల పిన్ని టార్చ్ వెలిగించి, మంటను సరిచేసి, పట్టకారుతో సహా మేనకోడలి ముందు పెట్టింది.

"నువ్వే కాల్చు."

"నేనా? పడేస్తాను అత్తా."

"పడెయ్. రాగి పగలదు."

ఆ మాటకు పిల్ల ఆమె వైపు చూసింది. తర్వాత టార్చ్ చేతిలోకి తీసుకుంది. మొదట మంటను ఒకే చోట పట్టింది. ఒక కొన ఎర్రబడుతోంది, మిగతాదంతా నల్లగా ఉంది. మంటల పిన్ని నాలిక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. చెప్పకుండా ఊరుకోవడం ఆమెకు టార్చ్ పట్టడం కంటే కష్టమైన పని. పిల్ల నుదురు ముడిచింది. మంటను వెనక్కి లాగి, కడ్డీ పొడుగునా మెల్లగా తిప్పడం మొదలెట్టింది, అత్త పెరట్లో గొట్టాలు కాలుస్తుంటే గుమ్మంలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఎన్నో సాయంత్రాలు ఓరకంట చూసిన తీరులోనే. ఎరుపు ఒక చోట పుట్టి, పక్కకు పాకి, ఇంకో చివరిదాకా వెళ్ళింది. చీకట్లో కడ్డీ నిప్పుకణికలా నిండుగా వెలిగింది.

"చాలా?" అంది పిల్ల.

"నీకేమనిపిస్తోంది?"

"చాలు."

టార్చ్ పక్కకు పెట్టి, కడ్డీని నీళ్ళ తొట్టిలో ముంచింది. చుయ్‌మంది. నల్లటి పెచ్చులు ఊడి నీళ్ళలో పడ్డాయి. పట్టకారు పైకొచ్చేసరికి కడ్డీ లేత గులాబీ రంగులో, అక్కడక్కడ మచ్చలతో, అందం తగ్గి ఉంది.

పిల్ల రెండు చేతులతో పట్టుకుంది. కడ్డీ వంగింది. వంగుతూనే ఉంది, కొనలు రెండూ దాదాపు కలిసేదాకా. పిల్ల అక్కడే ఆగి, ఇదేమిటి ఇంత తేలికా అన్నట్టు చేతుల్లోకి చూసుకుంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్ళి డ్రిల్లు మాస్టారి ముందు నిలబడింది.

"తిన్నగా చెయ్యండి సార్."

మాస్టారు ఈల చొక్కా జేబులో వేసుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. లాగాడు, మోకాలేశాడు, పళ్ళు కొరికాడు. కొనలు కాస్త ఎడమయ్యాయి, అంతే. కడ్డీ మాత్రం అడ్డదిడ్డంగా మెలితిరిగింది. పిల్లలు బల్లలు చరిచారు. మాస్టారు నుదురు తుడుచుకుని, ఓడిపోయినా సంతోషంగా నవ్వాడు.

"మానైపోయింది తల్లీ ఇది."

"మానుల సంగతి మీకే బాగా తెలుసు సార్" అంది మంటల పిన్ని. "రాగికి మాత్రం మళ్ళీ మొక్కయ్యే వరముంది. మంట చూపించాలి, అంతే."

లెక్చరర్ మేడం గుమ్మంలో తొక్కిసలాట కథ అందుకుంది. మామూలుగా ఆ కథ దగ్గర పిల్లలు కిటికీలవైపు చూస్తారు. ఈసారి చూడలేదు. "మెత్తబడ్డాక మళ్ళీ వంచితే మళ్ళీ గట్టిపడుతుందా? ఎన్నిసార్లైనా కాల్చొచ్చా? ఇనుముకీ ఇలాగే చెయ్యొచ్చా?" అని వరసగా అడిగింది మేనకోడలు. మూడో ప్రశ్నకు మేడం నవ్వి, "అది వేరే కథ. దానికి ఇక్కడ చదువుకోవడానికి రావాలి" అంది.

సాయంత్రం బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఆ మెలితిరిగిన కడ్డీ పిల్ల ఒళ్ళో ఉంది. సైన్సు మాట పిల్ల ఎత్తలేదు, అత్త అడగలేదు. వర్క్‌షాపులో నేర్చుకున్న ఓర్పు ఇంటిదాకా మోసుకొచ్చింది. భర్త తలుపు తియ్యగానే కంటితో అడిగాడు. ఆమె కంటితోనే, నాకేం తెలుసు అంది.

మర్నాడు మామయ్య సుత్తి, మేకులు తీసుకుని పిల్ల తన గదిలో ఏదో కొడుతూ కూర్చుంది. చూస్తే ఆ కడ్డీ తలుపు వెనక కొక్కెమై ఉంది. మేకులు రెండు వంకర పోయాయి. అయినా గట్టిగానే ఉంది.

సోమవారం పొద్దున పిల్ల ఆ కొక్కేనికి ఉన్న బడి సంచీ తీసి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అత్తా, ఇవాళ సైన్సనే చెప్తాను."

మంటల పిన్ని గిన్నె తోముతున్న చెయ్యి ఆపలేదు. ఆపితే కళ్ళు తుడుచుకోవాల్సి వస్తుంది.

"ఇంకో మాట" అంది పిల్ల చెప్పులు వేసుకుంటూ. "వచ్చే శనివారం ట్రే నేను సర్దుతాను. మెరిసేది కనిపిస్తే నీ చెయ్యి ఆగదు."

లోపల గదిలోంచి మామయ్య నవ్వు వినిపించింది, నడుము నొప్పి మర్చిపోయి నవ్విన నవ్వు.