అమ్మ పక్కన ఖాళీ గడి

మీరు నమ్మకపోయినా సరే, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు. ఆ రికార్డింగు ఇప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది.

నేను గుడివాడలో సోషల్ టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లలకి ఓ పని అప్పజెప్పాను. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి, మూడు తరాల పేర్లు అడగండి, వాళ్ల మాటలు రికార్డు చేసి వంశవృక్షం గీయండి అని. హారిక లేచి నిలబడింది.

“ముందు మీది చూపించండి టీచర్.”

నాది... ఏముంది చూపించడానికి? నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ పోయి ఏడాది. అమ్మది దివిసీమ. పదేళ్లప్పుడు ఉప్పెనలో తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ఆ ఇంట్లో మిగిలింది తనొక్కతే. పోయినవాళ్ల పేర్లు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు.

ఆ ఆదివారం అవనిగడ్డ బస్సెక్కాను. అమ్మ వాళ్ల ఊళ్లో, ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లలో అప్పటి పక్కింటి వెంకాయమ్మ పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. ఫోన్ మంచం మీద పెట్టి, రికార్డింగు నొక్కి అడిగాను. గదిలో మేమిద్దరమే.

“మీ తాత కోటయ్య. అమ్మమ్మ రత్తమ్మ. మావయ్యలు ఇద్దరు, రాంబాబు, శ్రీను. తర్వాత మీ అమ్మ.”

“అంతేనా పెద్దమ్మా?”

“అంతేనే.”

రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాను. తాళం తీసి, చార్టు పరుచుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. కోటయ్య... రత్తమ్మ... ఒక్కో పేరుకీ ఒక్కో గడి గీస్తున్నాను. “అంతేనే” అంది పెద్దమ్మ గొంతు.

ఆ తర్వాత... ఫ్యాను చప్పుడు. మంచం కిర్రుమంది. ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు... ఫోన్‌కి బాగా దగ్గరగా...

“నేనో?”

చిన్నపిల్ల గొంతు. మూడు నాలుగేళ్లు ఉంటాయేమో. ఏడుపు లేదు. కోపం లేదు. బంతిలో అందరికీ వడ్డించి తనని దాటేస్తే అడిగినట్టు... అంతే.

రికార్డింగు వెనక్కి జరిపాను. మళ్లీ విన్నాను. ఉంది. మళ్లీ... ఉంది. పెద్దమ్మకి ఫోన్ చేశాను.

“మధ్యాహ్నం మనం మాట్లాడేటప్పుడు గుమ్మం దగ్గర పిల్లలెవరన్నా ఉన్నారా?”

“ఈ వీధిలో పిల్లలెక్కడున్నారే? ఉన్న నాలుగిళ్లూ ముసలాళ్లవేగా.”

“పెద్దమ్మా... అమ్మకి చెల్లెలుండేదా?”

 

“మీ అమ్మ ఎప్పుడూ ఎవర్నో చంకనేసుకుని తిరిగేది... ఆ పిల్ల మీ ఇంటిదో, ఇంకెవరింటిదో... గుర్తు రావట్లేదే అమ్మాయ్.”

ఇంకెవర్ని అడగను? అమ్మ పక్కన ఇంకో గడి గీశాను. లోపల ఏం రాయాలో తెలియలేదు. ఆ ఖాళీ ఇంట్లో పైకే అన్నాను, “నువ్వూ ఉన్నావమ్మా” అని.

 రికార్డింగులో విన్న ఆ గొంతు గాలో, తలుపు చప్పుడో, నా ఒంటరితనమో... నాకు తెలీదు. ఆ రాత్రి మాత్రం లైటు ఆర్పలేదు. ఎవరి కోసమో నన్నడక్కండి.