నారికురుపు కాలితో బడికి

నా ఎడమ కాలి చీలమండ పైన దురద మొదలైన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ పొద్దున, అమ్మ లేని నన్ను పెంచిన మా అవ్వ నా చెక్క పలకకు బొగ్గూ ఆకు పసరూ పట్టించి నల్లగా చేసి ఎండలో పెట్టింది. బడి తెరవడానికి ఇంకా వారం ఉంది. నిజాం రాజ్యం పోయి పోలీసు యాక్షన్ అయిన తర్వాత మా ఊళ్లో తెరుస్తున్న మొదటి బడి అది. అంతకు ముందున్నది ఉర్దూ బడి, అందులో ఒక్క ఆడపిల్ల కూడా ఉండేది కాదు. గొడవల్లో అదీ మూతబడింది. ఇక తెలుగులోనే చెబుతారని, ఆడపిల్లలను కూడా చేర్చుకుంటారని చాటింపు వేశారు. అప్పుడు నాకు పదేళ్లు.

సాయంత్రానికి ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం. మర్నాటికి చీలమండ మీద శనగగింజంత పొక్కు లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. అవ్వ కాలు ఒళ్లో పెట్టుకుని చూసి, "నారిపురుగే. ఫికర్ జెయ్యకు బిడ్డా, ఊరందరికీ ఎల్లేదే నీకూ ఎల్లుతాంది" అంది.

ఈ కాలం వాళ్లకు నారిపురుగంటే తెలియదు కాబట్టి చెబుతున్నాను. అది చర్మం కింద రెండు మూరల పొడవు దాకా పెరిగే తెల్లటి పురుగు. పొక్కు చిట్లితే సన్నటి దారంలా తల బయటపెడుతుంది. పురుగు వెళ్లడం అంటే అదే, ఆ పుండే నారికురుపు. దాన్ని లాగితే తెగుతుంది. అందుకని చీపురు పుల్లకు చుట్టి, రోజూ రెండు వేళ్ల వెడల్పు మాత్రమే బయటికి తీయాలి. పుల్లను కాలికే కట్టేసి, మళ్లీ మర్నాడు ఇంకొంచెం. పూర్తిగా రావడానికి వారాలు పట్టేది. నల్లగొండ జిల్లా హాలియాకు అవతల మా ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే ఈ కట్టు లేని ఇల్లుండేది కాదు.

మా బాపు, అంటే నాన్న, నా కాలికి పడ్డ ఆ కట్టు చూశాడు. "ఈ ఏడు బడి లేదు, గిడి లేదు. కాలు మానినంక సూద్దాం" అన్నాడు.

ఆ "సూద్దాం" అంటే ఏమిటో నాకు తెలుసు. వచ్చే ఏడు మేనత్త కొడుకుతో లగ్గం అనుకుంటున్నారు. బాపు చెడ్డవాడు కాదు, భయస్థుడు. కమ్యూనిస్టు దళం వాళ్లు వచ్చి అన్నం అడిగినా భయమే, మిలిటరీ వాళ్లు వచ్చి అన్నం ఎవరికి పెట్టావని అడిగినా భయమే. పిల్లను ఒక ఇంటికి పంపేస్తే ఒక భయం తగ్గుతుందని ఆయన లెక్క. ఆ లెక్కలో నేను లేను.

"నేను పోత" అన్నాను.

"ఎట్ల పోతవే, నడువరాదాయె?"

"పాక్కుంట పోత."

బాపు చెయ్యెత్తాడు. అవ్వ ఆయన కన్నతల్లి కదా, ఆ చేతిని మధ్యలోనే ఆపింది. "పాకుడెందుకురా, నా నడుము గట్టిగనే ఉన్నది గద" అంది.

అలా బడి తెరిచిన రోజు నేను అవ్వ వీపు మీద కూర్చుని వెళ్లాను. ఒక చేతిలో పలక, ఇంకో చెయ్యి అవ్వ మెడ చుట్టూ. సారు నల్లగొండ నుంచి వచ్చినవాడు, పాతికేళ్లు కూడా ఉండవు. నా కట్టు చూసి జాలిపడతాడనుకున్నాను. ఆయన రిజిస్టర్‌లో నా పేరు రాసుకుని, "నెల దినాలు వరుసగ రాకుంటే పేరు కొట్టేస్త. మీదికెళ్లి హుకుం ఉన్నది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. పేరు పిలిచినప్పుడు అవసరమైన దానికంటే గట్టిగా "హాజర్ సార్" అని అరిచాను.

బడి పక్కనే మెట్లబావి. ఊరంతా తాగే నీళ్లు అవే. మధ్యాహ్నం నేను పిరుదుల మీద జరుక్కుంటూ ఆ మెట్లు దిగి, చివరి మెట్టు మీద కూర్చుని కట్టు విప్పి కాలు నీళ్లలో పెట్టేదాన్ని. మంట చప్పున చల్లారేది. పురుగు తల దగ్గర నుంచి తెల్లగా పాలచుక్క లాంటిది నీళ్లలోకి జారి కరిగిపోయేది. నేను దాన్ని ముచ్చటగా చూసేదాన్ని కూడా. నారికురుపు వెళ్లిన వాళ్లంతా అక్కడే కాలు పెట్టేవాళ్లు, నాకు వేరే ఆలోచన రాలేదు. అలా పది రోజులు చేశాను.

పదకొండో రోజు పొద్దున అవ్వ నన్ను బడికి మోసుకుని వెళ్తుంటే ఊరి మొదట్లో మిలిటరీ లారీలు కనబడ్డాయి. దళం వాళ్ల కోసం సోదా. జనం చెల్లాచెదురుగా పరుగెత్తారు. అవ్వ నన్ను దింపి చెయ్యి పట్టుకుంది. నేను కుంటుతూ కంచె దాటబోయాను. కాలికి కట్టిన పుల్ల ముళ్లకంపకు చిక్కుకుంది. నాకు పెద్దగా నొప్పి కూడా తెలియలేదు. కిందికి చూస్తే పుల్ల కంపకు వేలాడుతోంది, సగం పురుగు దానికి చుట్టుకుని ఉంది. మిగతా సగం నాలోనే ఉండిపోయింది.

రెండు రోజుల్లో కాలు మోకాలి దాకా ఉబ్బింది. అవ్వ ఆముదపు ఆకులు కట్టింది, లాభం లేదు. జ్వరంలో నేను ఏదేదో మాట్లాడుతున్నానట. బాపు బండి కట్టి నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఆయన నా తలను ఒళ్లో నుంచి దింపలేదు.

డాక్టరు కాలు నొక్కి చూసి, "సెప్టిక్ అయింది. ఆపరేషన్ చేసి చీము తీయాలె. పెనిసిలిన్ ఇస్త. దేనికీ తగ్గకుంటే కాలు పోతది" అన్నాడు. నేను వింటున్నానని ఆయన అనుకోలేదు.

పెనిసిలిన్ అప్పుడే కొత్త. మూడు గంటలకోసారి సూది. రెండుసార్లు కాలు కోశారు. రెండోసారి కోసిన తర్వాత జ్వరం దిగింది, మళ్లీ నాలుగు రోజులకు ఎక్కింది. అప్పుడు నిజంగా భయపడ్డాను. ఏడ్చాను కూడా. కానీ బడి తప్పిన మొదటి రోజు నుంచీ లెక్క కలుపుకుని, ప్రతి పొద్దున నేను మంచం పట్టెకు గోటితో ఒక గీత గీసుకునేదాన్ని. ఇరవై మూడు గీతలైన రోజు డాక్టరును అడిగాను.

"ఎన్నడు పంపిస్తరు?"

"ఇంకో పది దినాలు."

"పది దినాలైతే బడిల నా పేరు పోతది. నేను ఎల్లుండి పోత."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. చివరికి ఐదు రోజులకు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "కాలు బావి నీళ్లల పెట్టొద్దు."

"ఎందుకు పెట్టొద్దు?"

ఆ ప్రశ్న అడగకపోతే ఆయన చెప్పేవాడే కాదు. "గినియా వార్మ్ నీళ్లు తగలంగనే పిల్లల్ని విడుస్తది. వాటిని నీళ్లల ఉండే సైక్లోప్స్ అనే సన్న పురుగులు తింటయి. ఆ నీళ్లు తాగినోళ్లకు ఏడాదికి నీ లెక్కనే ఎల్లుతది" అన్నాడు.

నాకు పాలచుక్క కళ్ల ముందు కదిలింది. "నేను పది దినాలు పెట్టిన" అన్నాను.

ఆయన నా కాలి కట్టు సరిచేశాడు. "ఇప్పటికెళ్లి నీళ్లు బట్టల వడగట్టుకోండ్రి. తాగింది తాగిండ్రు, వచ్చే ఎండాకాలం తెలుస్తది."

ఇరవై తొమ్మిదో రోజు అవ్వ వీపు మీదే బడికి వెళ్లాను. సారు రిజిస్టర్ తీసి, నా పేరు దగ్గర ఆగి, తలెత్తి చూశాడు. "హాజర్ సార్" అన్నాను. ఈసారి గొంతు గట్టిగా రాలేదు.

బావి సంగతి ఊళ్లో చెబితే నవ్వారు. "నీళ్లల పురుగేందే, పాపం జేసినోళ్లకు ఎల్లుతది" అన్నారు. మా ఇంట్లో మాత్రం నేను కడవ మూతికి పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి కట్టాను. కానీ నేను దవాఖానలో ఉన్నన్నాళ్లూ అవ్వ ఆ బావి నీళ్లే తాగింది.

మరుసటి ఎండాకాలం అవ్వకు వెళ్లాయి. ఒకటి కాదు, మూడు. రెండు పాదాల మీద, ఒకటి మోకాలి పక్కన. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తూ, పది రోజులు బావిలో కాలు పెట్టిన సంగతంతా చెప్పేశాను. అవ్వ విని, "నిన్ను మోసిన, నీ పురుగుల్ని మొయ్యలేనా?" అంది.

బాపు మళ్లీ మొదలుపెట్టాడు. అవ్వను చూసుకునేవాళ్లు లేరు కాబట్టి నేను బడి మానాలన్నాడు. అవ్వ మంచం మీద నుంచే కేక వేసింది. "నన్ను ఎత్తుకపొమ్మన్ననారా? దాని బడికి దాన్ని పోనియ్యి. లగ్గం ముచ్చట నా మోకాలు మానినంక మాట్లాడు." ఆ మోకాలు పూర్తిగా మానలేదు. బాపు కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పొద్దున్నే అవ్వ పురుగులను పుల్లలకు చుట్టి, నేను పలక తీసుకుని నేరుగా బావి దగ్గరికి వెళ్లేదాన్ని. మొదటి మెట్టు మీద అడ్డంగా కూర్చునేదాన్ని. కాలికి కట్టుతో ఎవరు వచ్చినా దిగనిచ్చేదాన్ని కాదు. వాళ్ల బిందె నేనే తీసుకుని, కుంటుతూ దిగి ముంచి తెచ్చేదాన్ని. తిట్లు తిన్నాను. ఒకరోజు పటేలు భార్య పాదానికి కట్టుతో వచ్చి, "లెవ్వే. బావి నీ తాతదా?" అంది.

"తాతది కాదు దొరసాని, పురుగు మాత్రం నాదే" అన్నాను.

ఆమె దిగలేదు. బిందె నా చేతికిచ్చింది, తిడుతూనే. ఊరంతా మారిపోయిందని అబద్ధం చెప్పను. చాలామంది నేను బడిలో ఉన్నప్పుడు దిగేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత సర్కారు వాళ్లు ఆ మెట్లు మూసేసి, గిలక బిగించి బొక్కెన వేలాడదీసేదాకా మా ఊరికి పురుగు బాధ పోలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. టీచరుగా పని చేసి రిటైరయ్యాను. ఎడమ చీలమండ వంగదు, మెట్లు దిగాలంటే పక్కకు తిరిగి దిగుతాను. నారిపురుగు ఇప్పుడు మన దేశంలో లేదు. దాని పేరు కొట్టేశారు, నా పేరు మాత్రం ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషంగా ఉంటుంది.

జబ్బు పడిన వాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇది నాకెలా వచ్చిందని డాక్టరును అందరూ అడుగుతారు. నా నుంచి ఎవరికి పోతుందని కూడా అడగండి, మొదటి రోజే అడగండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. నేను ఆ మాట అడిగేసరికి ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి, నన్ను మోసిన మా అవ్వ బతికినన్నాళ్లూ కర్ర పట్టుకుని నడిచింది.