కాఫీ తాగుతున్న యాదగిరన్నను చంపేశాను

నా చేతిలో ఇప్పటివరకూ ఒక్క మనిషే పోయాడు. అదీ నిండు సభలో, కాఫీ తాగుతూ, మొహం నిండా మేకప్పుతో. పోలీసులు రాలేదు గానీ, వచ్చి నన్ను లాక్కెళ్ళినా బాగుండేదనిపించిన ప్రళయం అది. చెబుతాను, నవ్వుకోండి. సిగ్గుపడే వయసు నాకెలాగూ దాటిపోయింది.

అప్పట్లో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. అంటే, పక్కవాళ్ళ తప్పులు పట్టి జీతం పుచ్చుకునేవాణ్ణి. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. లిఫ్టు వచ్చేలోపు మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. ఆ జబ్బే నన్ను వసుంధర గారి నాటకాల్లోకి తోసింది.

వసుంధర గారు చిన్నప్పుడే తెనాలిలో ముఖానికి రంగేసుకున్న నటి. పరిషత్తు పోటీల్లో ఆవిడ కొట్టిన కప్పులు ఒక లారీకి సరిపోతాయి. రెండు లారీలని ఆవిడ అనేవారు. అయినా తృప్తి లేదు.

"ఆర్నెల్లు రిహార్సలు చేసి, ఒక్కరోజు ఆడి, కప్పు పట్టుకుని ఇంటికెళ్ళడం నాటకమా నాయనా? అది పెళ్ళి! నాటకమంటే కాపురం. ఒకే బృందం మూడు నాటకాలు పెట్టుకుని రోజుకొకటి తిప్పి తిప్పి ఆడాలి. రెపర్టరీ అంటే అదీ!"

నల్లగండ్లలో తన ఫ్లాట్లో సోఫాలు అమ్మేసి, హాల్లోనే మాతో రిహార్సళ్ళు చేయించారు. ఇక కావలసింది ఒక రంగస్థలం. మా కంపెనీ ఆడిటోరియం సాయంత్రాలు ఖాళీ. దాని పెత్తనం కర్నూలు నుంచి వచ్చిన శైలజా మేడంది.

"మూడు రోజులు ఆడి చూపించండి. నచ్చితే ఏడాదంతా మీదే. లేదంటే టేబుల్ టెన్నిస్ బల్లలు వేయిస్తా" అన్నారావిడ. వసుంధర గారి జీవితాశయం టేబుల్ టెన్నిస్ బల్ల అంచున నిలబడింది.

శుక్రవారం ఏడుపు నాటకం. నౌకరు వేషంలో నేను పరుగెత్తుకొచ్చి, "అమ్మా! అయ్యగారు ఇక లేరమ్మా!" అన్నాను. హాలంతా ముక్కులు చీదింది. శనివారం నవ్వుల నాటకం. అందులో "అమ్మా! పెళ్ళివారు వచ్చేశారమ్మా!" అనాలి. గమనించండి, అదే పరుగు, అదే తలుపు, అదే "అమ్మా". దేవుడు కూడా పొరబడతాడు.

పైగా శనివారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు. నా వంతు వచ్చేలోపు ఊరుకోలేక, పంచెకట్టుతోనే పై అంతస్తుకెళ్ళి ఓ తప్పు పట్టి, రొప్పుతూ దిగొచ్చి స్టేజీ మీదికి దూకాను.

"అమ్మా! అయ్యగారు ఇక లేరమ్మా!"

అయ్యగారు అక్కడే ఉన్నారు. వాలుకుర్చీలో, కాఫీ ఊదుకుంటూ. ఆ వేషం యాదగిరన్నది. నార్సింగిలో సిమెంటు దుకాణం ఆయనది, మనిషీ సిమెంటు బస్తాలాగే ఉంటాడు. కప్పు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"ఏందిరా గిట్లంటవ్? నేను సచ్చుడేంది?" అన్నాడు, వేషం సంగతే మరిచిపోయి.

తగ్గే వయసా నాది? "నిజంగానే పోయారయ్యగారూ! నేను కళ్ళారా చూశాను!"

"యాడ చూసినవ్?"

"నిన్న. ఇక్కడే."

ముందురోజు నాటకం చూసినవాళ్ళు కుర్చీల్లోంచి జారిపోయారు. అమ్మగారి వేషంలో ఉన్న వసుంధర గారు మాత్రం రెప్పయినా వేయలేదు. తాపీగా లేచి, యాదగిరన్న నాడి పట్టుకుని చూసి, "ఉన్నార్లే నాయనా. ఇంతకీ పెళ్ళివారు వచ్చారా, లేదా?" అన్నారు.

"వచ్చేశారమ్మా!" అని ఘొల్లుమని, తలుపు వదిలేసి కిటికీలోంచి దూకాను. వెనకాల యాదగిరన్న గొంతు: "జర కాఫీ అన్న తాగనియ్యుండ్రి!"

తెర పడ్డాక పారిపోదామని చెప్పులు వెతుక్కుంటుంటే, శైలజా మేడం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు.

"హాలు మీదే వసుంధర గారూ! ఒక్కటే షరతు. మిగతా రెండు నాటకాలూ వద్దు. ప్రతివారం ఇదే ఆడాల, ఇతను ఇట్లే రావాల."

హాలు దక్కింది, రెపర్టరీ పోయింది. యాదగిరన్న తరవాత నేను చంపింది దాన్నే. వసుంధర గారు కొంగు దోపుకున్నారు.

"అలాగేనండీ. కానీ ప్రతిసారీ ఒకటే ఆడితే వీడికి కంఠతా వచ్చేస్తుంది కదండీ! ఇక తప్పెలా చేస్తాడు? మూడూ తిప్పితేనే, ఏ రోజు ఎవర్ని చంపాలో వీడికి తెలియకుండా ఉంటుంది."

మేడం నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "అదీ నిజమే. అయితే మూడూ కానీండి."

అలా నిలబడింది రెపర్టరీ, నా తెలివితక్కువతనం మీద జనానికున్న అచంచల విశ్వాసంతో. దురదృష్టం ఏమిటంటే, ఆ ఏడాదంతా నేను ఒక్క తప్పూ చేయలేదు. ఆట అయిన ప్రతిసారీ మేడం వచ్చి, "ఏమప్పా, ఈ రోజు గూడా సరిగ్గా చెప్పేస్తివే!" అని నిట్టూర్చేవారు.

కనుక పాఠక మహాశయులారా, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లోకి పరుగెత్తుకెళ్ళినా, ముందు ఇంటాయన ఊపిరి చూసుకుని, ఆ తరవాతే నోరు తెరుస్తాను. యాదగిరన్న మీద ఒట్టు. ఆయన కులాసాగానే ఉన్నాడు, ఒట్టు వేసేముందు ఫోన్ చేసి కనుక్కున్నాను.