భట్టీలోకి వెళ్లిన సైకిల్

నిన్న మా ఇంటి గేటుకు రంగు వేయిద్దామని వెలిమెలలో ఒక షెడ్డుకు వెళ్తే, వేడి పెయింటు వాసన ముక్కుకు తగిలింది. చిన్నప్పుడు పటాన్‌చెరులో చూసిన భట్టీ గుర్తొచ్చింది.

నేను హైస్కూలుకు వెళ్లడానికి బాపు తన పాత సైకిల్ ఇచ్చాడు. ఫ్రేమంతా తుప్పే. బ్రష్‌తో వేసిన రంగు ఏడాదికే పెచ్చులూడుతుందని, పౌడర్ కోటింగ్ చేసే షెడ్డుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"ఏ రంగు గావాలె బిడ్డా?" అని మేస్త్రీ అడిగితే మెరిసే నీలం చూపించాను.

తుప్పు గీకిన ఫ్రేము మీద అతను స్ప్రే గన్నుతో నీలం పొడి కొట్టాడు. అది ముగ్గుపిండిలా అంటుకుంది.

"ముట్టకు, రాలిపోతది. ఇగ భట్టీల పెడతం," అన్నాడు.

భట్టీ అంటే ఇనుమును కరిగించేదనే నాకు తెలుసు. నా సైకిల్ కరిగిపోతుందని ఏడుపు లంకించుకున్నాను.

"వద్దు బాపూ, తుప్పుదే తొక్కుత!"

మేస్త్రీ ఫ్రేమును లోపల పెట్టి తలుపు మూశాడు. బాపు భట్టీ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

వేడికి పొడి మాత్రమే కరిగి పట్టుకుంది; ఫ్రేము చెక్కుచెదరకుండా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది. చల్లారాక గోటితో గీకి చూశాను. రంగు రాలలేదు. కళ్లు తుడుచుకోకుండానే నవ్వేశాను. బాపు స్టూలు మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఈ ఫ్రేము ఎన్నడో ఇరిగితే అతుకేయించిన బిడ్డా. గా అతుకు ఊడుతదేమోనని నాకూ పానం కొట్టుకున్నది," అన్నాడు.

బాపుకు కూడా భయం వేస్తుందని నాకు తెలిసింది ఆ రోజే. అది తెలిశాక నా భయాలు పెరగాలి కదా, ఎందుకో తగ్గాయి.