మోచిజుకి కొన్న మోటారు

మోచిజుకి కునిహికోకి మిగిలింది ఒకే ఒక్క కోరిక. ఇనబాని ఒక్కసారైనా ఓడించాలి. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. ఇద్దరూ ఉద్యోగాలు విరమించినవాళ్ళు, పోటీ పడేదేమో చెప్పుల పెట్టెలో పట్టే రిమోట్ కార్లతో. కానీ షిజుఓకాలో ఎవరూ నవ్వరు. సగం ఊరు ఆ బొమ్మల మీదే బతికింది.

మోచిజుకి బతికిందీ వాటి మీదే. ప్లాస్టిక్ భాగాలు పోతపోసే ఉక్కు అచ్చుల్ని నునుపు చేయడం అతని పని. వయసులో ఉండగా ఒక కారు గేరు చక్రాల అచ్చు మొదలు నుంచి చివరిదాకా అతని చేతుల్లోనే తయారైంది. ఆ ఏడాది దేశమంతా ఆ కారు కోసం ఎగబడింది. తర్వాత గిరాకీ పడిపోయింది. ఈలోగా పక్క బల్ల దగ్గర పనిచేసిన ఇనబా పై అధికారి అయ్యాడు. అచ్చుని తుక్కు కింద పంపించింది అతనే, మోచిజుకిని గోదాముకి మార్చిందీ అతనే. "చూపు తగ్గింది కదా, అక్కడైతే నీకు సుఖంగా ఉంటుంది" అన్నాడు. ఆ సుఖాన్ని మోచిజుకి ఈనాటికీ మింగలేకపోయాడు.

ఇప్పుడు ఇద్దరి దగ్గరా అదే కారు ఉంది. అబే నది ఒడ్డున పాత కార్లవాళ్ళు పోటీలు పెట్టుకుంటారు. కారు పాతదై ఉండాలి, మోటారు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది. ఎప్పుడూ ఇనబా కారే ముందు. బలమైన మోటారేదో పెట్టాడని మోచిజుకి తనలో తానే తేల్చేసుకున్నాడు. అడిగితే తేలిపోయేది. కానీ ఎదుటివాడి కారు విప్పి చూపించమనడం అక్కడ మర్యాద కాదు, పైగా ఇనబాని ఏదైనా అడగడమంటే అతనికి ప్రాణం పోయినంత పని. శరదృతువు రాగానే కరకట్ట పనులకని ఆ మైదానం తీసేసుకుంటున్నారు. చివరి పోటీ దగ్గరపడింది.

మోటారు కోసం ఒజావా అనే ముసలావిడ దుకాణానికి వెళ్ళాడు. ఆవిడ మూడు మోటార్లు బల్ల మీద పెట్టింది. లోపల తీగ చుట్లు ఎంత తగ్గితే మోటారు అంత ఉరుకుతుంది. మోచిజుకి చెయ్యి అన్నిటికన్నా తక్కువ చుట్లున్న దాని మీదికి పోయింది.

"ఇది వద్దండీ మోచిజుకి గారూ. మధ్యది తీసుకోండి. మీ కారు వయసెంత, దీని దూకుడెంత? గేరు పళ్ళు ఊడొస్తాయి."

"ఆ గేర్లు నేను చేసినవమ్మా."

ఆవిడ మోటారు పొట్లం కట్టి ఇచ్చింది. నిజానికి ఆ పళ్ళు ఎంత బలానికి తట్టుకుంటాయో అతనికంటే తెలిసినవాళ్ళు లేరు. ఆ సంగతి ఇంట్లో భార్య చిజురు కూడా గుర్తుచేసింది. అతని దగ్గర ఉన్న గేర్లు ఆ ఒక్క జతేనని కూడా అంది. అతను విననట్టే మోటారు బిగించాడు.

పోటీ రోజున తొలి పందెంలోనే ఇనబా ఎదురుపడ్డాడు. మొదలవడంతోనే మోచిజుకి కారు దూసుకుపోయింది. ఇనబా కారు వెనకపడింది, ఇంకా వెనకపడింది. ఇన్నేళ్ళలో ఆ కారు ముక్కు మోచిజుకి చూడడం అదే మొదటిసారి. చివరి చుట్టులో మలుపు దాటి వేగం పెంచాడు. కటకటమని చప్పుడైంది. మోటారు అరుస్తూనే ఉంది, చక్రాలు మాత్రం కదలలేదు. ఇనబా కారు పక్కనుంచి తాపీగా వెళ్ళిపోయింది.

ఓడినవాళ్ళు తర్వాతి పందేల్లో మలుపుల దగ్గర నిలబడి, బోల్తాపడ్డ కార్లని లేపాలి. అది అక్కడి ఆనవాయితీ. మోచిజుకి వెళ్ళి నిలబడ్డాడు. ఫైనల్లో ఇనబా కారు సరిగ్గా అతని కాళ్ళ ముందే పల్టీకొట్టింది. వంగి చేతిలోకి తీసుకున్నాడు. అడుగువైపు నుంచి మోటారు కనిపిస్తోంది. కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన మామూలు మోటారు. రంగు వెలిసిపోయింది, మార్చిన జాడే లేదు. ఇన్నేళ్ళూ తను ఓడింది దీని చేతిలోనా? కారు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మోచిజుకీ, ఏం చూస్తున్నావ్? కింద పెట్టు!" కార్లు నడిపేవాళ్ళు నిలబడే వేదిక మీద నుంచి ఇనబా కేక. ఫ్యాక్టరీలో వేసే కేకే.

పెట్టాడు. ఆ కారే గెలిచింది.

అందరూ పెట్టెలు సర్దుకుంటుంటే ఇనబా ఒక చిన్న డబ్బా పట్టుకుని వచ్చాడు. నిండా గేరు చక్రాలు.

"అచ్చు తుక్కుకి పంపే రోజు చివరిసారి పోయించి దాచాను. నా కారు నడిచేది వీటి మీదే. మంచి గేర్లోయ్, మీద పడి తొయ్యకపోతే ఎన్నాళ్ళైనా ఉంటాయి. ఒక జత తీసుకో. అడిగి ఉంటే ఎప్పుడో ఇచ్చేవాణ్ణి."

చక్రం అంచున సన్నటి గీత. అచ్చుని సానపట్టేటప్పుడు మోచిజుకి చెయ్యి జారి పడిన గీత అది. వాటిని ఇనబా మొహానే విసిరికొట్టాలనిపించింది. కానీ అవి లేకపోతే కారు ఇక కదలదు. చుట్టూ అందరూ చూస్తున్నారు.

మోచిజుకి నడుము వంచాడు. రెండు చేతులూ చాచి తన గేర్లు తనే అందుకున్నాడు.

"మీ మేలు మరిచిపోనండీ, ఇనబా గారూ" అన్నాడు.