సున్నాలు చుట్టిన వరుస

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఎనభైల చివర్లో వరంగల్‌లో నాకు జరిగింది ఒకటి చెప్పాలి.

మా ల్యాబ్‌లో కాలేయ క్యాన్సర్ మీద పరిశోధన. ఈ రోగంలో ఏ జన్యువు చెడుతోందో వెతకడం పని. విదేశీ పత్రికల్లో అచ్చయిన జన్యువుల అక్షరాలను, అంటే ఎ, టి, జి, సి లను, జిరాక్స్ కాగితాల్లోంచి ఒకరు పైకి చదివితే ఇంకొకరు కంప్యూటర్‌లో కొట్టాలి. తప్పు పోకుండా రెండుసార్లు చదవాలి. మొదటిసారి పది అక్షరాలకో టిక్కు, రెండోసారి సున్నా, పెన్సిల్‌తో. చదివేది నేను, కొట్టేది సుశీల.

సుశీల ఎనుమాముల పిల్ల, నాకు జూనియర్. వచ్చి ఆర్నెల్లు కాలేదు, ల్యాబ్ నడిపే సారు నోట అప్పుడే ఆమె పేరే. ఒక జన్యువులో కామెర్ల వైరస్ ముక్క అతుక్కుని ఉంటుందని ఆమె ఊహ. అది నిజమైతే ఢిల్లీ శిక్షణకున్న ఒక్క సీటూ ఆమెది. కాకపోతే నాది. నాలుగేళ్లుగా ఆ సీటు కోసం కాచుకుని ఉన్నాను. ఆమెను చూస్తేనే నాకు కడుపు మండేది.

శనివారం ఆ అతుకు ఉంటుందని ఆమె చెప్పిన వరుస వచ్చింది. అందులో ఇరవై అక్షరాలు కావాలనే తప్పు చదివాను. గొంతు కూడా వణకలేదు. టిక్కులు పెట్టి, రెండోసారి సోమవారం చదువుదామని చెప్పి, కాగితాలు సంచిలో వేసుకుని మా అన్న ఉండే నెక్కొండకు రైలెక్కాను.

ఆదివారం మా అన్న కొడుకు బాప్తిస్మం. పగలంతా చర్చిలో, తర్వాత వంటల దగ్గర ఉన్నాను. చుట్టాలందరూ చూశారు. సంచి అన్న బీరువాలో ఉంది. తాళంచెవి నా కొంగున ఉంది.

సోమవారం ల్యాబ్‌కు వెళ్లేసరికి సుశీల చేతిలో ప్రింటు. అతుకు సరిగ్గా ఆమె చెప్పిన చోటే దొరికింది.

“నిన్న మీరు రాకపోతే నా పని ఖరాబయ్యేది రూతక్కా. ఆ వరుస తప్పు చదివిన అని మీరే జెప్పి, మల్ల చదివిన్రు. బాప్తిస్మం ఇడిసిపెట్టి నాకోసం వచ్చిన్రు.”

“నేను రాలే సుశీలా.”

“జర ఊకోన్రి అక్కా,” అని నవ్వింది.

సంచి తెరిచి కాగితాలు తీశాను. ఆ వరుస మీద టిక్కుల పక్కనే సున్నాలు. సున్నా చుట్టేటప్పుడు పైన చిన్న తోక వదలడం నాకు అలవాటు. ప్రతి సున్నాకూ ఆ తోక ఉంది.

సుశీల ఢిల్లీ వెళ్లింది. స్టేషన్‌లో నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను చేసిన పని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

ఏటా క్రిస్మస్‌కు ఉత్తరం రాస్తుంది. ఆ ఆదివారం నేను వచ్చినందుకు ప్రతిసారీ కృతజ్ఞతలు చెబుతుంది. వచ్చిందెవరో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. సుశీల మీద అసూయ ఎప్పుడో చల్లారింది. ఆ వచ్చిన మనిషి మీద మాత్రం ఇంకా ఉంది.