పరుగెత్తగలిగీ నిలబడింది

నా మేనకోడలు పోయిందని కబురొచ్చేసరికి నేను కాఫీ తోటలో మిరియం పాదుల కింద గడ్డి పీకుతున్నాను. విశాఖపట్నం ఆసుపత్రిలో గుండె ఆగిపోయిందన్నారు. నేను నమ్మలేదు. ఈ కొండల్లో అందరికంటే గట్టి గుండె దానిదే. దాన్ని తెచ్చిన బండి గెడ్డ దగ్గర, అదే మా కొండవాగు దగ్గర, ఆగింది. గెడ్డ దాటాక మా ఊరికి రోడ్డు లేదు. నలుగురు మోసుకొచ్చారు. ఆ సంగతి చెప్పాలనే కూర్చున్నాను. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే బడి టీచరమ్మ రాస్తోంది. మెత్తగా మార్చి రాస్తే ఊరుకోనని ముందే చెప్పాను.

సంతాప సభలో పెద్దలు దాన్ని మూడు ముక్కలు చేశారు. ఒకాయన క్రీడాకారిణి అన్నాడు. ఒకాయన కాఫీ వ్యాపారి అన్నాడు. ఇంకొకాయన మాజీ సర్పంచ్ అన్నాడు. నాకు మాత్రం అది మొదటినుంచీ ఒక్కటే మనిషి. చేతిలో పేడనీళ్ళ చెంబు పట్టుకున్న గుంటపిల్ల.

మా ఇటుకల పండగ తెలియనివాళ్ళకు చెప్తాను. మగవాళ్ళు వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళం ఊరి మొదట్లో కాపు కాసి పేడనీళ్ళు పోస్తాం, ఎంత పెద్దవాడైనా సరే. ఇప్పుడు అడవిలో వేట లేదు గాని పేడనీళ్ళకు లోటు లేదు. దానికి పదకొండేళ్ళప్పుడు మా అన్న, అంటే దాని కన్నతండ్రి, ఉత్త చేతులతో వచ్చి చోడిచేనుకు, అదే రాగిచేనుకు, అడ్డంపడి పారిపోయాడు. అది చెంబు తొణక్కుండా మెట్ట ఎక్కి దిగి, తండ్రిని పట్టుకుని నెత్తిన కుమ్మరించింది. అది చూసిన బడి డ్రిల్లు మాస్టారు ఈ గుంటను పరుగుపందేలకు నాతో పంపుతావా అని అడిగాడు. మా అన్న తల తుడుచుకుంటూ, "బేగి తీసుకెళ్ళండి బాబూ, వచ్చే పండక్కి నాను బతకాల" అన్నాడు.

రాష్ట్రం తరఫున పరుగెత్తింది. పతకాలు తెచ్చింది. ఒక పెద్ద పోటీలో అందరికంటే ముందుండి, గీత రెండు అడుగులుందనగా వెనక్కి తిరిగి చూసింది. మెడ తిరిగినంతలో పక్కపిల్ల దాటిపోయింది.  ఆ తరవాత జన్మంతా ఒకటే మాట: "గీత దాటీవరకూ పరుగు అవ్వనట్టే అత్తా."

మోకాలు పాడయ్యాక కొండకు వచ్చేసి కాఫీలో దిగింది. కాయ కొనే షావుకారు తొందరపెడితే మేం పచ్చీ పండూ కలిపి కొమ్మంతా దూసేసేవాళ్ళం. అది ఎర్రపండు ఒక్కటే కోయమంది. ముందు తిట్టింది నేనే. "ఒకే సెట్టుకి నాలుగుసార్లు తిరిగితే నాకేటి, నీకులాగ మెడల్ ఇత్తారా?" అన్నాను. అది నా గంపలోంచి పచ్చికాయలు ఏరి నా ఒళ్ళో పోసి, "ఇయ్యి నువ్వే కాసుకుని తాగు" అంది. మూడో ఏటికి పట్నం దుకాణాలవాళ్ళు మా ఊరి గింజలే కావాలన్నారు. ఆ షావుకారే మా గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఇచ్చాను లెండి.

తరవాత సర్పంచ్ అయింది. ఊరికి రోడ్డు తెస్తానని మాటిచ్చి ఏడాదంతా ఆఫీసుల చుట్టూ తిరిగింది. పండగనాడు కూడా ఆఫీసుకే వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. దాన్ని చూసి మేం చెంబులు దించేశాం. ఆడది కదా, సర్పంచ్ కదా. అది ఊరి మొదట్లో ఆగి, "ఏటి సూత్తన్నారు? నానూ ఏటకే ఎల్లాను. ఏటీ తేనేదు. పొయ్యండి" అంది. ఎవరూ కదల్లేదు. అప్పుడు నావైపు తిరిగి, "అత్తా, నువ్వు పొయ్యి" అంది.

పోశాను. పాడైన మోకాలితోనైనా అది పరుగు తీస్తే పట్టుకోగలిగినవాళ్ళు ఈ కొండల్లో లేరు. అయినా తల వంచి నిలబడింది. మర్నాడు ఆ మరకల చీరతోనే వెళ్ళి అదే ఆఫీసులో కూర్చుంది. ఇదేంటమ్మా అని అడిగిన ప్రతివాడికీ మా పండగ సంగతి వివరంగా చెప్పిందట. ఏడు తిరక్కుండా గెడ్డదాకా తారు పడింది.

గెడ్డదాకానే. వంతెన లేదు, అవతలి ముక్క లేదు. ఈలోగా దాని పదవి అయిపోయింది. తరవాతి ఎన్నికల్లో ఓడిపోయింది కూడా. దాచడమెందుకు? ఓడాక కూడా కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉంది. పదవి లేకుండా ఎందుకే అంటే, గీత ఇంకా దాటలేదు కదా అనేది.

సభలో దాని విగ్రహం పెట్టిస్తామన్నారు. నేను లేచాను. "ఇగ్రహమెందుకు బాబూ? అది కదలకుండా నిలబడ్డాది ఒక్కసారే, అదీ రోడ్డు కోసం. ఆ రోడ్డు ఎయ్యండి" అన్నాను. రోడ్ల ఆఫీసరు వచ్చే పండగలోగా వేయించి, పండగనాడు తనే వస్తానన్నాడు. మంచిది. ఊరంతా విన్నది.

మా ఊరి మొదట్లో, ఆ రోడ్డు వచ్చి ఆగాల్సినచోట, బడి గుంటలు ముగ్గుపిండితో అడ్డంగా గీత గీశారు. దాని ఇంట్లోంచి ఆనాటి పేడనీళ్ళ ఇత్తడి చెంబు తెచ్చి, చింతపండుతో తోమి, గీత పక్కన బోర్లించాను. పొద్దెక్కితే గెడ్డ అవతల తారు మీద నిలబడినవాళ్ళక్కూడా అది మెరుస్తూ కనబడుతోంది.